ఆ నాలుగు నెలల పుట్టిల్లు

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే చాలు, ఏదో ఒక ఇంట్లో పెట్టె సర్దడం మొదలవుతుంది. ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా, దుప్పటి, దిండు, చిన్న దేవుడి పటం... ఆ ఇంటి ఆడపిల్ల హైదరాబాదుకో బెంగుళూరుకో చదువుకనో ఉద్యోగానికనో బయల్దేరుతుంది. రైలు కదిలాక తల్లి మనసులో ఒకటే దిగులు. పిల్లకి తెలివుంది, ధైర్యముంది, అంతా నిజమే. కానీ ఏం తింటుందో, ఎలాంటి గదిలో పడుకుంటుందో, ఒళ్ళు వెచ్చబడితే కాసిని మంచినీళ్ళు ఎవరిస్తారో!

అలా దిగులుపడేవాళ్ళు కూడా పెద్దగా లేకుండా, రైల్లో కాదు, ఓడలో రెండు నెలలపాటు ప్రయాణం చేసి పరాయి దేశపు మహానగరంలో దిగిన ఒక పిల్ల కథ ఇది. అది 1883వ సంవత్సరం, జూన్ 4. న్యూయార్కు రేవులో ఓడ ఆగింది. దిగినవాళ్ళలో పద్దెనిమిదేళ్ళ మరాఠీ బ్రాహ్మణ ఇల్లాలు ఒకావిడ. ఒంటిమీద తొమ్మిది గజాల చీర. వెంట భర్త లేడు, అన్నదమ్ములు లేరు. ఆ ఊళ్ళో ఆమెకు చుట్టమూ పక్కమూ ఎవరూ లేరు.

ఆవిడే ఆనందీబాయి జోషి. అమెరికా వెళ్ళి వైద్యం చదివి డాక్టరు పట్టా పుచ్చుకున్న తొలి భారతీయ స్త్రీగా చాలామందికి ఆమె పేరు తెలుసు. ఆ పట్టా సంగతి అందరూ చెప్పుకునేదే. దానికి ముందు ఆమె జీవితంలో గడిచిన ఒక ఎండాకాలం గురించి మనం అంతగా చెప్పుకోం. నాకు మాత్రం ఆవిడ కథంతా ఆ నాలుగు నెలల్లోనే ఉందనిపిస్తుంది.

యమున ఆనంది అయింది

ఆమె పుట్టింది 1865 మార్చి 31న. పుట్టింటి పేరు యమున. వాళ్ళది బొంబాయి దగ్గర కల్యాణ్‌లో ఒకప్పుడు బాగా బతికి, తర్వాత చితికిపోయిన భూస్వాముల కుటుంబం. తండ్రికి ఆ పిల్లంటే ముద్దు. తల్లి మాత్రం చాలా కఠినమైన మనిషి. దెబ్బలకు కొదవ లేని బాల్యమే ఆమెది.

తొమ్మిదేళ్ళకే పెళ్ళయింది. వరుడు గోపాలరావు జోషి. పోస్టాఫీసులో గుమాస్తా, రెండో పెళ్ళివాడు, ఆమెకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఆ కాలంలో ఇందులో వింతేమీ లేదు. వింత ఏమిటంటే, పెళ్ళికి ఆయన పెట్టిన షరతు. కట్నం కాదు, కానుకలు కాదు... పిల్లని తను చదివించుకుంటాడట, ఎవరూ అడ్డు చెప్పకూడదట! యమునకు ఆనంది అని పేరు పెట్టి పాఠాలు మొదలుపెట్టాడు.

ఈ మాట చదవగానే ఎంత మంచి భర్తో అనిపిస్తుంది. కానీ ఆ చదువు వెనక భయం కూడా ఉంది. పుస్తకం వదిలేసి వంటింట్లో కనబడితే ఆయన కొట్టేవాడు. మిగతా ఇళ్ళలో చదువుకుంటే ఆడపిల్లని కొట్టేవాళ్ళు, ఈ ఇంట్లో చదవకపోతే కొట్టేవాడు. ఎటు తిరిగినా దెబ్బలు తిన్నది ఆ పసిపిల్లే కదా! ఆయన వల్లే తనకు చదువు వచ్చిందన్న కృతజ్ఞత ఆమెకు చివరిదాకా ఉంది. ఆ దెబ్బల గుర్తూ చివరిదాకా పోలేదు.

పద్నాలుగో ఏట ఆమెకు మగబిడ్డ పుట్టాడు. పదిరోజులు బతికి పోయాడు. అప్పట్లో ఆడవాళ్ళు మగ డాక్టరుకు ఒళ్ళు చూపించుకునేవాళ్ళు కాదు. చూపించుకుందామన్నా ఇంటివాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. ఆడ డాక్టర్లా, దాదాపు లేనే లేరు. ఆ పురిటి మంచం మీద కలిగిన దుఃఖంలోంచే డాక్టరు కావాలన్న పట్టుదల పుట్టిందని ఆమె జీవిత కథ రాసినవాళ్ళు చెబుతారు. బిడ్డ పోయిన తల్లికి ఆ మాట వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

పంటి డాక్టరు దగ్గర ఒక పత్రిక

గోపాలరావుకు ఊరూరా బదిలీలు. అలీబాగ్, బొంబాయి, భుజ్, చివరికి కలకత్తా, దాని పక్కనే ఉన్న శ్రీరాంపూర్. భార్యని అమెరికాలో చదివించాలన్న ఆలోచనతో ఆయన 1878లో ఒక అమెరికన్ మిషనరీకి ఉత్తరం రాశాడు. మతం పుచ్చుకుంటే సాయం చేస్తామన్న ధోరణిలో జవాబొచ్చింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒప్పుకోలేదు. అక్కడితో ఆ కథ ముగిసిపోవలసిందే.

కానీ ఆ ఉత్తరప్రత్యుత్తరాలు అమెరికాలో ఒక మిషనరీ పత్రికలో అచ్చయ్యాయి. న్యూయార్కుకు దగ్గర్లో న్యూజెర్సీ రాష్ట్రంలో రోజెల్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి ఇల్లాలు థియోడీషియా కార్పెంటర్ పంటి డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని, ఊసుపోక ఆ పత్రిక తిరగేసింది. ఎక్కడో హిందూదేశంలో ఒక పిల్ల చదువుకోవాలనుకుంటే మతానికి ముడిపెట్టి తిప్పి పంపేశారన్న సంగతి ఆవిడ మనసులో గుచ్చుకుంది. ఇంటికెళ్ళి 1880లో ఆ దంపతులకు ఉత్తరం రాసింది. రమ్మంటే తన ఇల్లు ఉందని చెప్పింది.

అలా మొదలైన ఉత్తరాలు మూడేళ్ళు నడిచాయి. పూజలు, పెళ్ళిళ్ళు, పిల్లలు, వంటలు, ఆడవాళ్ళ కష్టాలు... రాయని విషయం లేదు. తరచు వచ్చే జ్వరాలు, తలనొప్పుల గురించి ఆనంది రాస్తే, ఆవిడ మందులు పంపేది. ఒకరి మొహం ఒకరు చూడకుండానే వరస కూడా కలిపేసుకున్నారు. ఆనందికి ఆవిడ మన లెక్కన పిన్ని, ఆనంది ఆవిడకు అక్కకూతురు.

ప్రయాణం ఖాయమయ్యాక అసలు గొడవ మొదలైంది. సముద్రం దాటితే కులం పోతుందని కొందరు, భర్త లేకుండా ఆడది దేశాలు పట్టుకు పోవడమేమిటని కొందరు. దారిలో నడుస్తుంటే ఎగతాళి చేసినవాళ్ళున్నారు. 1883 ఫిబ్రవరి 24న శ్రీరాంపూర్ కాలేజీలో ఆనంది నిండు సభలో నిలబడి వాళ్ళందరికీ సమాధానం చెప్పింది. పద్దెనిమిది కూడా నిండని పిల్ల! ఈ దేశానికి హిందూ స్త్రీ డాక్టర్లు ఎంత అవసరమో వివరించింది. మద్రాసు మెడికల్ కాలేజీలో 1875 నుంచే స్త్రీలను చేర్చుకుంటున్నా, తను అమెరికాకే ఎందుకు వెళ్ళాలనుకుంటోందో చెప్పింది. హిందువుగా వెళ్ళి హిందువుగానే తిరిగొస్తానని అందరి ముందూ మాటిచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు దీనికి చాలా ఖరీదు కట్టవలసి వచ్చింది.

ఇద్దరికీ చాలినంత డబ్బు లేదు. గోపాలరావు ఇక్కడే ఉండిపోయాడు. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారు గాజులు అమ్మితే దారిఖర్చుకు కొంత సమకూడింది. ఏప్రిల్ 7న, మిషనరీ స్త్రీల తోడుతో, ఆమె కలకత్తాలో ఓడ ఎక్కింది.

కరెంటు దీపాల ఊళ్ళో

ఆమె దిగేనాటికి న్యూయార్కు జనాభా 12 లక్షల పైమాట. నది మీద అప్పటికి ప్రపంచంలోకెల్లా పొడవైన వేలాడే వంతెన, బ్రూక్లిన్ బ్రిడ్జి, సరిగ్గా పదకొండు రోజుల ముందే, మే 24న తెరిచారు. మే 30న ఆ వంతెన మీద తొక్కిసలాటలో 12 మంది చనిపోయారు. ఆ విషాదానికి వారం కూడా తిరక్కముందే మన ఆనంది అక్కడ అడుగుపెట్టింది. అంత జనంలో ఆమెను వెతుక్కుంటూ రేవుకు వచ్చిన మనిషి ఒక్కరే, కార్పెంటర్ పిన్ని.

ఆవిడ ఆనందిని రోజెల్‌లో ఉన్న తన ఇంటికి తీసుకెళ్ళింది. ఊరు చిన్నదే గానీ దానికో గొప్పుంది. స్తంభాలు పాతి తీగలు లాగి కరెంటు దీపాలు వెలిగించే పద్ధతిని ఎడిసన్ మొదట ఆ ఊళ్ళోనే పెట్టి చూశాడు. అది 1883 జనవరి 19న. అంటే ఆనంది వచ్చేనాటికి ఆ దీపాలు వెలిగి ఐదు నెలలు కూడా కాలేదు. ఆముదం దీపాల ఇంట్లో పుట్టి, కిరసనాయిలు దీపం ముందు దెబ్బలు తింటూ అక్షరాలు దిద్దిన పిల్ల, ప్రపంచంలోనే ఎక్కువమంది చూడని వెలుతురు చూసింది.

జూన్ నుంచి సెప్టెంబరు చివరిదాకా ఆమె ఆ ఇంట్లోనే ఉంది. అది అక్కడి ఎండాకాలం. చలి బాధ లేదు. మాంసం ముట్టని పిల్ల కాబట్టి ఆమె తినే తిండి వేరు. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు. చర్చికి రమ్మని బలవంతం చెయ్యలేదు. బొట్టు తీసెయ్యమనలేదు, చీర మార్చమనలేదు. ఆ ఇంటి పిల్లలు ఆమె వెనకే తిరిగేవాళ్ళు. ఇక్కడినుంచి వెళ్ళేముందు ఆనంది ఆ ఊరి ఆడవాళ్ళను పిలిచి మన పద్ధతిలో విందు కూడా చేసింది. వచ్చినవాళ్ళకు చీరలు కట్టించి, మన వంటలు వడ్డించింది. తెల్లదొరసానులు కుచ్చెళ్ళు సర్దుకోలేక ఎంత తంటాలు పడి ఉంటారో!

ఒక్కసారి ఆలోచించండి. తొమ్మిదేళ్ళ వరకూ తల్లి దెబ్బలు. ఆ తర్వాత భర్త దెబ్బలు. పద్నాలుగేళ్ళకు కడుపుకోత. ఎవరూ చెయ్యెత్తని ఇంట్లో, ఇష్టమొచ్చినంతసేపు చదువుకుని, హాయిగా నవ్వుకుని, అడక్కుండానే పెట్టే చేతి అన్నం తిన్న రోజులు ఆ పిల్ల జీవితంలో ఎన్నున్నాయి? పుట్టింట్లో దొరకని పుట్టిల్లు ఆమెకు పది వేల మైళ్ళ అవతల, పరాయి మతం ఇల్లాలి ఇంట్లో దొరికింది.

కొత్త దేశంలో కుదురుకోవడమంటే వీధుల పేర్లు తెలియడం, రైలు ఎక్కడం రావడం అనుకుంటాం. ఆనంది విషయంలో మాత్రం ముందుగా కుదుటపడింది మనసే. ఆ నాలుగు నెలల్లో కూడబెట్టుకున్న ధైర్యాన్నే ఆమె తర్వాత మూడేళ్ళపాటు ఖర్చుపెట్టుకుంది.

పొగచూరిన గది

అక్టోబరులో కాలేజీ. పిన్నే స్వయంగా ఫిలడెల్ఫియా తీసుకెళ్ళి దిగబెట్టింది. 1880 లెక్కల ప్రకారం ఎనిమిదిన్నర లక్షల జనాభాతో ఆ దేశంలో రెండో పెద్ద నగరమది. 1850లో ఆడవాళ్ళకోసమే పెట్టిన పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల అక్కడుంది. ప్రిన్సిపాలు స్థానంలో ఉన్న రేచెల్ బాడ్లీ కెమిస్ట్రీ పండితురాలు. ఆవిడ ఆనందిని ఆదరంగా చేర్చుకుని స్కాలర్‌షిప్ ఇప్పించింది.

ఈ కాలేజీతో మన ఆంధ్రదేశానికీ ఒక బంధం ఉంది. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు విననివాళ్ళు తక్కువ. ఆ పేరుగల డాక్టరు ఆనా సారా కుగ్లర్ 1879లో ఈ కాలేజీలోనే పట్టా పుచ్చుకున్నారు. ఆవిడ అమెరికా నుంచి గుంటూరుకు బయల్దేరింది కూడా 1883లోనే! ఒకమ్మాయి ఇక్కడినుంచి అక్కడికి చదువుకోసం, ఒకావిడ అక్కడినుంచి ఇక్కడికి వైద్యం చెయ్యడానికి... ఒకే ఏడాది ఎదురెదురుగా సముద్రాలు దాటారు. కుగ్లర్ దాదాపు యాభై ఏళ్ళు మన ఆడవాళ్ళకు సేవ చేసి 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆనందికి మాత్రం అంత వ్యవధి దొరకలేదు.

ఫిలడెల్ఫియాలో ఆమెకు దొరికిన గది చలిగది. గోడలో పొయ్యి ఉందిగానీ సరిగా మండేది కాదు. రాజేస్తే గదంతా పొగ, ఆర్పేస్తే ఎముకలు కొరికే చలి. రాత్రులు పొగా, చలా అని ఆలోచించుకుని ఏదో ఒకటి భరించవలసిందే. పొద్దుటినుంచి పాఠాలు, శవాల కోతలు, ఆసుపత్రి. ఇంటికొచ్చాక తన వంట తనే చేసుకోవాలి. కూరలూ పప్పులూ మన ఊళ్ళోలా దొరకవు. మాంసం తినదు. ఒంటరి చదువులో వంట అంటే ఎలా ఉంటుందో, పరీక్షలప్పుడు హాస్టలు పిల్లల్ని అడగండి. వండుకునే ఓపిక లేనినాడు తిండీ లేదు.

చీర సంగతీ అంతే. గోచిపోసి కట్టే తొమ్మిది గజాల చీర పిక్కల దాకా పైకి ఉంటుంది. మన ఎండలకు బాగుంటుందేమో, మంచుకు ఏం బాగుంటుంది? కాళ్ళు పూర్తిగా కప్పుకునేలా గుజరాతీ పద్ధతిలో చీర కట్టుకోవడం మొదలుపెట్టింది. చీర మానలేదు, కట్టు మార్చుకుంది, అంతే. ఆ చిన్న మార్పుకే భర్తకు సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది. పంపించినవాడూ ఆయనే, మారిపోతుందేమోనని ఆక్షేపణ ఉత్తరాలు రాసినవాడూ ఆయనే. చలిలో వణుకుతూ, కళ్ళు మండే పొగలో కూర్చుని, ఆ ఉత్తరాలకు ఆమె ఓపిగ్గా జవాబులు రాసింది.

హిందువుగానే తిరిగొస్తానని మాటిచ్చింది కదా. తిండిలో, బట్టలో ఆ మాట తప్పలేదు. లోకం ఆమె మీద ఎన్ని కళ్ళు పెట్టిందో ఆమెకు తెలుసు. తను ఒక్క అడుగు తడబడితే వెనక రాబోయే ఆడపిల్లలందరికీ తలుపులు మూసేస్తారు. ఒక్క పిల్ల నెత్తిన ఎంత బరువు!

చదువు మాత్రం ఆగలేదు. జపాను నుంచి కెయి ఒకామి, సిరియా నుంచి సబాత్ ఇస్లాంబూలీ అనే ఇద్దరు కూడా అక్కడే చదువుతుండేవాళ్ళు. 1885 అక్టోబరులో ముగ్గురూ తమతమ దేశాల బట్టల్లో తీయించుకున్న ఫోటో ఇప్పటికీ ఉంది. చూడండి, ముగ్గురి మొహాల్లోనూ ఎంత నిబ్బరమో! ఆ ఏడాదే గోపాలరావు కూడా అమెరికా చేరుకున్నాడు.

1886 మార్చి 11న ఆనందీబాయి డాక్టరయింది. ఆమె రాసిన సిద్ధాంత వ్యాసం ప్రాచీన హిందువుల ప్రసూతి వైద్యం మీద. పద్నాలుగేళ్ళనాటి ఆ పురిటి మంచాన్ని ఆమె మర్చిపోలేదన్నమాట. పండిత రమాబాయి ఆ వేడుక కోసం ఇంగ్లండు నుంచి వచ్చింది. అదే సంవత్సరం ఇక్కడ కలకత్తాలో కాదంబినీ గంగూలీ కూడా డాక్టరు కావడం మరో మంచి ముచ్చట. కొల్హాపూర్ సంస్థానంవాళ్ళు ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డును ఆనందికి అప్పగిస్తామని పిలిచారు.

అనుకున్నవన్నీ నెరవేరాయి. ఒళ్ళు మాత్రం చితికిపోయింది. అది క్షయ. ఆ గదిలో పొగా చలీ వల్లే వచ్చిందని తేల్చి చెప్పడం కుదరదు. అది గాలితో అంటే జబ్బు, దాని సూక్ష్మజీవిని కాక్ కనిపెట్టింది 1882లోనే. కానీ పని చేసే మందు 1940ల దాకా రానేలేదు. అయితే ఒకటి మాత్రం ఎవరికైనా తెలిసిందే. సరిగా తిండిలేక, నిద్రలేక, వెచ్చదనం లేక నీరసించిన ఒంటికి ఏ రోగాన్నయినా ఎదిరించే శక్తి ఉండదు.

1886 నవంబరులో భర్తతో కలిసి బొంబాయిలో దిగింది. వెళ్ళేటప్పుడు ఎగతాళి చేసిన దేశమే ఇప్పుడు దండలు వేసింది. కొల్హాపూర్ ఆసుపత్రిలో అడుగుపెట్టే భాగ్యం మాత్రం కలగలేదు. 1887 ఫిబ్రవరి 26న పూనాలో ఆనందీబాయి కన్నుమూసింది. ఇంకో నెల బతికితే ఇరవై రెండేళ్ళు నిండేవి. ఒక్క రోగి నాడి అయినా తన ఆసుపత్రిలో చూడకుండానే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒక విశేషం జరిగింది. గోపాలరావు ఆమె చితాభస్మాన్ని అమెరికాకు, కార్పెంటర్ పిన్నికి పంపించాడు. న్యూయార్కు రాష్ట్రంలో పొకీప్సీ అనే ఊళ్ళో తమ కుటుంబం వాళ్ళ సమాధుల మధ్య ఆవిడ దాన్ని ఉంచి, పైన రాయి నిలబెట్టింది. కులం పోతుందని సముద్రం దాటవద్దన్నారు. ఆ పిల్ల బూడిద మళ్ళీ అదే సముద్రం దాటి, తనను ప్రేమగా చూసిన ఇంటివాళ్ళ దగ్గరికే చేరింది.

ఆనందీబాయి సాహసం గురించి పుస్తకాలొచ్చాయి, నాటకాలొచ్చాయి, సినిమాలొచ్చాయి. శుక్రగ్రహం మీద ఒక బిలానికి కూడా ఆమె పేరు పెట్టారు. అవన్నీ రావలసినవే. కానీ నాకు ఆ కథలో పదేపదే కళ్ళముందు మెదిలేవి రెండే. రోజెల్‌లో ఆ ఇల్లు, ఫిలడెల్ఫియాలో ఆ గది. పిల్ల ఒకతే, ధైర్యం ఒకటే. ఒకచోట వికసించింది, ఇంకోచోట నలిగిపోయింది. తేడా అల్లా అడిగి అన్నం పెట్టే మనిషి ఉండటం, లేకపోవడం.

మన పిల్లల్ని ఊరు పంపేటప్పుడు ఫీజు కడతాం, జాగ్రత్తలు చెబుతాం, చెడ్డపేరు తేవద్దని హెచ్చరిస్తాం. ఆ గదికి కిటికీ ఉందో లేదో, పొద్దున్న పూట ఏం తింటోందో ఎంతమందిమి అడుగుతాం? అంతేకాదు. మన వీధిలో పక్క వాటాలో అద్దెకు దిగిన పిల్ల కూడా ఎవరో తల్లి కన్నబిడ్డే కదా. ఆమె ఎన్నింటికి వచ్చిందో లెక్క పెట్టడం మనకి బాగా వచ్చు. వచ్చాక తిన్నదో లేదో కనుక్కోవడం ఇంకా నేర్చుకోవాలి. కార్పెంటరమ్మ గొప్ప చదువులు చదివిన మనిషేం కాదు, మనలాగే ఒక ఇల్లాలు. ఒక పత్రిక తిరగేసింది, జాలిపడింది, జాలితో ఆగకుండా తలుపు తీసింది. ఈ ఎండాకాలం మీ వీధిలోకి కొత్తగా ఏ పిల్లయినా పెట్టెతో దిగితే, ఒక గిన్నెలో కాస్త పులుసో కూరో పట్టుకెళ్ళి పలకరించి రండి.